డెల్ఫీనా తుపాకీకి అక్రోటు చెక్క

డెల్ఫీనా జాంబెల్లి కుర్చీ చూపించినా కూర్చోలేదు. వానకు తడిసిన కోటు కూడా విప్పలేదు. గురిపోటీల్లో ఆమె చేయి బండరాయిలా కదలకుండా ఉంటుందని లోయలో అందరూ చెప్పుకుంటారు. ఆ చేయి ఇప్పుడు సంచీ పట్టుకోలేక వణుకుతోంది. టైపు మిషను వెనక నుంచి నీవెస్ అదే చూస్తోంది.

"మా తమ్ముణ్ణి తీసుకెళ్లిపోయారండీ. నాన్నను వాడే చంపాడంటున్నారు. సోమవారం మా ఊరి ఠాణా నుంచి ఇక్కడి బ్రెషా జైలుకు పంపేస్తారట. ఒకసారి అందులోకి పోతే మా జిల్దో మనిషిగా తిరిగి రాడు. వాడికి చిన్నప్పట్నుంచీ తలుపేసిన గదిలో ఊపిరాడదు."

ప్రైవేటు డిటెక్టివు ఎవరిస్తో ప్రాందీని నోట్లో పుల్ల తీసి బల్ల మీద పెట్టాడు. భారీ మనిషి, మాట పొదుపు. నీవెస్ ఆయన దగ్గర చేరింది టైపు కొట్టడానికే. కానీ ఆయన చూసే తీరు చూస్తూ ఉండిపోయింది.

"మీ నాన్న ఎలా పోయాడమ్మా?"

"మా తుపాకుల కార్ఖానాలో. మధ్యాహ్నం భోజనాలయ్యాక. నేను గురి మైదానంలో ఉన్నా. వెనక నుంచి తల మీద కొట్టారు. జిల్దోయే ముందు చూశాడు. ఎత్తి ఒళ్లో పెట్టుకుంటే చొక్కా నిండా నెత్తురైంది. అంతకుముందు భోజనాల దగ్గర ఇద్దరూ అరుచుకున్నారు లెండి. వాడు లారీ నడుపుతానంటాడు, నాన్న తనతో తుపాకీ ఉక్కు పనే చెయ్యమంటాడు. ఎదురు బారులో అందరూ విన్నారు."

"దేంతో కొట్టారు?"

"సుత్తి అంటున్నారు. ఆ సుత్తి మాత్రం దొరకలేదు."

"నువ్వు చూసినప్పుడు కార్ఖానా ఎలా ఉంది?"

ఆమె కళ్లు మూసుకుంది. "లేత్ మిషన్ తిరుగుతూనే ఉంది. దాని రొదలో ఎవరూ ఏమీ వినలేదు. నాన్న నోట్లో... పెదాల మధ్య రెండు చిన్న మరలు అలాగే ఉన్నాయండీ. పని చేసేటప్పుడు మరలు పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడ్డం ఆయనకలవాటు. సగం మాటలు మరలకే పోయేవి."

ప్రాందీని లేచి టోపీ అందుకున్నాడు.

* * *

మెల్లా ఏటి ఒడ్డున ఒకే పొడుగాటి గది ఆ కార్ఖానా. ఏటి వైపు ఉక్కు పని, వీధి వైపు చెక్క పని. మధ్యలో నేలకు అడ్డంగా ఒక దూలం పరిచి ఉంది. రెండు వైపులా గోడకు నూనెగుడ్డలు వేలాడుతున్నాయి. ఏటి వైపువి నల్లగా, వీధి వైపువి పచ్చగా ఉన్నాయి.

"ఈ దూలం దాటి గుడ్డ రాకూడదు," అని చెప్పింది డెల్ఫీనా. "అటుది మిషను నూనె, చెక్కకు తగిలితే మరక పోదు. ఇటుది అవిసె నూనె, చెక్క మెరవడానికి పూస్తారు. ఆరితే జిగురులా పట్టేస్తుంది. చిన్నప్పుడు నేనొకసారి గుడ్డలు మారిస్తే నాన్న చెవి మెలిపెట్టాడు."

బల్ల మీద ఆమె కోసం తండ్రి బోర్తొలో జాంబెల్లి కట్టడం మొదలుపెట్టిన తుపాకీ విడిభాగాలు అలాగే ఉన్నాయి. కాల్చే యంత్రం, చిన్న పెట్టెలో ట్రిగ్గర్ మీట. పక్కనే మూరకు తక్కువ పొడుగున్న అల్యూమినియం దిమ్మె ఒకటి, ఇంకా పార్సిలు కాగితంలోనే ఉంది. తుపాకీ గొట్టాలు మాత్రం గోడ స్టాండులో వరుసగా నిలబడి ఉన్నాయి.

"ఏ గొట్టం నీకని ఎంచాడు?"

"చివర్నుంచి రెండోది. తాడుకు వేలాడదీసి కొట్టి చూస్తే గుడిగంటలా మోగిందన్నాడు. ఆయన అంత పొగడ్డం నేనెప్పుడూ వినలేదు."

ప్రాందీని స్టాండు ముందు చాలాసేపు నిలబడ్డాడు. మిగతా గొట్టాలు తడి చేపల్లా తళతళలాడుతున్నాయి. చివర్నుంచి రెండోది మాత్రం మసకగా ఉంది. సన్నటి చెక్కపొడి దాన్ని అంటుకుని ఉంది. ఆయన గోటితో గీరాడు. గోటికి పచ్చటి పొర లేచింది. నీవెస్‌ను వాసన చూడమని వేలు చాపాడు. చిన్నప్పుడు తాతగారి పెట్టెలు తెరిచినప్పుడు వచ్చే వాసన అది.  

మీటలు చేసే ఉల్డెరికో బారు నుంచి వచ్చాడు. చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకున్నాడు.

"నన్నూ అడుగుతారా? అడగండి. ముసలాడంటే నాకు ప్రేమేం లేదు. నా మీటల్ని ఎలుకబోనులు అనేవాడు. ఊరంతా విన్నదే."

"నీకు కోపం రాలేదా?"

"రాదా మరి? కోపమొచ్చి ఇంకా మంచి మీట చేశా. ఇంకో దారి లేదు ఆయనతో." బల్ల మీది చిన్న పెట్టెను గడ్డంతో చూపించాడు. "చనిపోయే ముందు వారం దీన్ని వేలితో నొక్కి చూసి, 'పర్లేదు, ఎలుక చస్తుంది' అన్నాడు. అంతకంటే బిరుదేముందండీ?"

"ఆ రోజు ఎక్కడున్నావ్?"

"ఎదురు బారులో పేకాడుతున్నా. ఓడిపోతున్నా కూడా. గెలిచినవాడు మరిచిపోడు లెండి, అడగండి."

వీధి వైపు బెంచి దగ్గర తార్చీజియో కూర్చుని ఉలికి చెక్కపిడి తొడుగుతున్నాడు. తుపాకీని భుజానికి ఆనించే చెక్కభాగం చెయ్యడంలో ఆయన్ని మించినవాడు లేడు. డెల్ఫీనాకు జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడింది ఆయనే. బోర్తొలోతో కలిసి ఈ గదిలో ముసలివాడయ్యాడు.

"మావయ్యా, వీళ్లు బ్రెషా నుంచి వచ్చారు. జిల్దో కోసం."

"మంచిది తల్లీ," అన్నాడాయన తలెత్తకుండానే. "వాడు చెయ్యలేదని నేను ఠాణాలో మారెషల్లోకి కూడా చెప్పా."

"మీరెలా చెప్పగలిగారు?" అన్నాడు ప్రాందీని.

"ఈగను కూడా కొట్టలేడు వాడు. నేనా రోజు మోకాళ్ల నొప్పితో ఇంట్లో పడుకున్నా."

ప్రాందీని జేబులోంచి మడతకత్తి తీసి, పదును చూడమని చాపాడు. తార్చీజియో నడుముకు కట్టుకున్న ముందుగుడ్డ కొసతో దాన్ని పట్టుకున్నాడు. తండ్రి పోయాక డెల్ఫీనా మొదటిసారి నవ్వింది.

"మావయ్య ఉక్కును ఒట్టి చేత్తో ముట్టడండీ. ఆయన చెమటకు ఉక్కు తుప్పు పడుతుంది. అలాంటి చేతులు కొందరికి ఉంటాయి. కుర్రాడిగా పనిలోకొచ్చినప్పుడు ముట్టుకున్న గొట్టమల్లా ఎర్రబడితే, మా తాత తీసుకెళ్లి చెక్క వైపు కూర్చోబెట్టాడట. వాళ్లింట్లో అత్త గరిటెలన్నీ చెక్కవే."

"చెమటలో అంత ఉప్పున్నా ఆమె కూరల్లో మాత్రం తక్కువే," అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి ఉల్డెరికో.

తార్చీజియో నవ్వలేదు. ఆయన కాళ్ల దగ్గర కంబళి చుట్టిన దుంగ ఒకటి ఉంది. నీవెస్ కంబళి కొస ఎత్తి చూసింది. అక్రోటు చెక్క. పూల్లేవు, చారల్లేవు, జడ దువ్వినట్టు తిన్నటి పోగు.

"ఇంత సాదాగా ఉందేం తాతా?" అని అడిగింది.

"అందమైన చెక్క షికారు దొరలకమ్మా. గురి తుపాకీకి తిన్నటి పోగు కావాలి. అందంగా మెలికలు తిరిగిన చెక్క వానకోసారి, ఎండకోసారి వంగుతుంది. ఇది ఈ పిల్ల పుట్టిన ఏడాది కొట్టిన చెట్టు. అప్పట్నుంచీ ఆరబెట్టా." కంబళి మళ్లీ కప్పేశాడు. "ఇంక దీని పనేముంది."

* * *

మర్నాడు పొద్దున ప్రాందీని అడిగినట్టే ఠాణా అధికారి మారెషల్లో కొజ్జాల్యో జిల్దోను వెంటబెట్టుకుని కార్ఖానాకు వచ్చాడు. కుర్రాడు గడ్డం మాసి, కిటికీకి దగ్గరగా నిలబడ్డాడు. డెల్ఫీనా వెళ్లి వాడి పక్కన నిలబడింది. తార్చీజియో తన బెంచి దగ్గరే కూర్చున్నాడు. ఉల్డెరికో టోపీ చేత పట్టుకున్నాడు.

"మీ లెక్కలో కుర్రాడు పోట్లాడి, కోపంలో సుత్తితో కొట్టాడు," అన్నాడు ప్రాందీని మారెషల్లోతో. "పోట్లాడేవాడి నోట్లో మరలుంటాయా?"

మారెషల్లో ముఖం చిట్లించాడు.

"బోర్తొలో అరవాలంటే ముందు మరలు తీసి అరచేతిలో వేసుకునేవాడట. భోజనాల దగ్గర అరిచాడు, నిజమే. ఇక్కడ మాత్రం అరవలేదు. వీపు తిప్పుకుని, పని చేసుకుంటూ, నమ్మకమున్న మనిషితో మామూలుగా మాట్లాడుతున్నాడు. వచ్చినవాడు పరాయివాడు కాదు. సుత్తి కూడా తెచ్చుకోలేదు. ఎదురుగా ఉన్నదాన్ని అందుకున్నాడు."

స్టాండు దగ్గరికి వెళ్లి, చివర్నుంచి రెండో గొట్టాన్ని రుమాలుతో తీసి కిటికీ వెలుగులో పెట్టాడు.

"మీ వాళ్లు దీన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. శుభ్రంగా తుడిచి ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తుడిచినవాడు బయటంతా తుడిచాడు, గొట్టం నోటి లోపలి గాడులు మరిచిపోయాడు. చూడండి, నల్లగా ఎండి ఉంది. అది నెత్తురో కాదో మీ ప్రయోగశాల చెబుతుంది."

డెల్ఫీనా చేయి నోటికి పోయింది. అది ఆమె కోసం ఎంచిన గొట్టం.

"ఇప్పుడు తుడిచిన నూనె సంగతి. ఉక్కు వైపు మనిషైతే, జిల్దో కానీ ఉల్డెరికో కానీ, కళ్లు మూసుకున్నా చేయి మిషను నూనె గుడ్డ మీదికే పోతుంది. పుట్టినప్పట్నుంచీ అలవాటు. దీని మీద ఉన్నది అవిసె నూనె. తడబాటులో తన ముందుగుడ్డ జేబులో ఏ గుడ్డ ఉంటే దాంతో తుడిచాడు. ఆ నూనె ఆరింది, పొరకట్టింది, చెక్కపొడిని పట్టుకుంది." గొట్టాన్ని మెల్లగా తిప్పాడు. "ఆ పొర కింద ఇదిగో."

పచ్చటి పొర అడుగున ఎర్రగా నాలుగు తుప్పు మరకలు, అవతలి వైపు ఒకటి. మనిషి పట్టు. నీవెస్ తన వేళ్లను గాలిలో అలా పెట్టి చూసుకుని చప్పున దించేసింది.

  అందరి చూపులూ తార్చీజియో చేతుల మీదికి పోయాయి. ఆయన కూడా వాటినే చూసుకున్నాడు.

"నా చెయ్యే," అన్నాడు.

"మావయ్యా!"

"జిల్దో లోపలున్నాడని నాకు నిద్ర పట్టలేదు తల్లీ. రోజూ పొద్దున్నే ఠాణాకు బయల్దేరేవాణ్ణి. వంతెన దాకా పోయేసరికి కాళ్లు వెనక్కి తిరిగేవి." జిల్దో వైపు చూడలేకపోయాడు. "ఆ రోజు మోకాళ్ల నొప్పులున్నా వచ్చా. కొలతలు తీసుకుందామని. చూస్తే బల్ల మీద అల్యూమినియం. 'ఇదేంటోయ్' అన్నా. 'ఈసారి పిల్లకు అల్యూమినియం వేస్తున్నా' అన్నాడు. తిరిగి కూడా చూళ్లేదు. 'మరి నా అక్రోటు?' అన్నా."

"ఏమన్నారు?" అన్నాడు ప్రాందీని.

"'తోసెయ్' అన్నాడు." కాళ్ల దగ్గరి దుంగ వైపు చూశాడు. "ఈ పిల్ల భుజం మీద నా చెక్క ఉండాలని ఇన్నేళ్లు ఆరబెట్టా. పొయ్యిలో కట్టెను అన్నట్టు, తోసెయ్ అన్నాడు. తర్వాత చేతిలో ఏముందో నాకు తెలీదు. తెలిసేసరికి అయిపోయింది."

డెల్ఫీనా బల్ల దగ్గరికి నడిచింది. అల్యూమినియం దిమ్మెను కాగితంలోంచి తీసింది. వీధి వైపు వెళ్లి, దూలం దాటి, కంబళి విప్పి, అక్రోటు దుంగ మీద ఆ దిమ్మెను పెట్టింది. పొడుగాటి చెక్క మీద అది చిన్న పడవలా ఉంది.

"ఇంత ముక్క తుపాకీకి మొత్తం ఎలా సరిపోతుంది మావయ్యా?" అంది. ఆమె చెయ్యి ఇప్పుడు వణకడం లేదు. "ఇది లోపల పెట్టేది. గొట్టం మొదలు, యంత్రం దీని మీద కూర్చుంటాయి, వానకు చెక్క ఉబ్బినా గురి కదలకుండా. పైనంతా నీ చెక్కే. ఆ రోజు భోజనాల దగ్గర నాన్న చెప్పాడు నాకు. 'ఎముక అల్యూమినియంది, ఒళ్లు అక్రోటుది. తార్చీజియోని తొలిచెయ్యమంటా' అన్నాడు."

ముసలాయన పెదాలు కదిలాయి. తొలిచెయ్. పళ్ల మధ్య రెండు మరలు, వెనక లేత్ రొద. తోసెయ్.

ఆయన లేచి దుంగ మీదికి వంగాడు. దిమ్మె అంచు వెంట చెక్క మీద బొటనవేలు నడిపించాడు. అప్పుడు అడిగాడు:

"ఎంత లోతు తొలవమన్నాడు?"

డెల్ఫీనా దిమ్మె మీద చెయ్యి ఉంచింది.

"చెప్పలేదు మావయ్యా. అది నిన్నే అడుగుతానన్నాడు."

ఉల్డెరికో గోడ వైపు తిరిగాడు. మారెషల్లో జిల్దో మణికట్టు మీద గొలుసు విప్పాడు. దాన్ని మళ్లీ వెంటనే వాడడం ఇష్టంలేనట్టు జేబులో వేసుకున్నాడు. "రండి పెద్దాయనా," అన్నాడు మెల్లగా.

జిల్దో ఆయనకు దారి ఇచ్చాడు.  పక్కనుంచి వెళ్తుంటే, బెంచి మీదున్న ముసలాయన కోటు తీసి భుజాల మీద వేశాడు.

గుమ్మం తలుపుకు నున్నటి ఉక్కు పిడి ఉంది. దానికి ఎప్పుడూ ఒక గుడ్డపీలిక కట్టి ఉంటుంది. ఎవరి కోసమో నీవెస్‌కు ఇప్పుడు తెలిసింది. తార్చీజియో దాని ముందు ఒక్క క్షణం ఆగాడు. పీలికను పక్కకు జరిపి, ఒట్టి చేత్తో ఉక్కును గట్టిగా పట్టుకుని, తలుపు తెరుచుకుని బయటికి నడిచాడు.