పది కంటే పెద్దదైన ఏడు

ఉదయం పదకొండింటికి ఏజెంట్ ఉమాకాంత్ చనిపోయాడు. రికార్డులో కోవిడ్ అని రాశారు. కానీ అతనికి జ్వరం లేదు. మెడ మీద సూది గుర్తు ఉంది.

"అతని చివరి మెసేజ్‌లో రెండే మాటలు: 'పోలిక తప్పు'," శాటిలైట్ ఫోన్‌లో చీఫ్ గురుమూర్తి అన్నాడు. "ఏమైనా అర్థమైందా?"

"లేదు సర్," అంది ఏజెంట్ నవత.

"బ్లాక్ బాబిన్ అనే విదేశీ ముఠా సూరత్‌లో దిగింది. ఊపిరాడక ఒక వార్డు మొత్తం చచ్చిపోతే ఊళ్లో అల్లర్లు రేగుతాయి. వాళ్లకు కావలసింది అదే. టార్గెట్ అక్కడి ఖటోదరా కోవిడ్ వార్డు. కంట్రోల్ రూమ్‌లో మన ఏజెంట్ చాందిని ఉంది. వెళ్లు."

2021 ఏప్రిల్. మూతపడిన మిల్లు షెడ్డులో ఎనభై నాలుగు పడకల కోవిడ్ వార్డు. నవత పీపీఈ కిట్ తొడుక్కుని, టెంపరేచర్ చూసే వాలంటీర్‌లా గేటు దాటింది. చేతిలోని థర్మల్ గన్ జ్వరం చూడదు. నొక్కితే ఎదుటివాళ్లకు పది నిమిషాలు కళ్లు కనపడవు.

గుమ్మం దగ్గర ఊడుస్తున్న ఆమె ఆగింది. "తానా?"

"బానా," అంది నవత. పడుగు, పేక. కోడ్ కలిసింది.

ఆమె పేరు బాలవ్వ. తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లోని గోడాదరాలో బట్ట నేసే లూమ్ నడిపేది. లూమ్‌లు బందయ్యాక ఇక్కడ ఊడుస్తూ ఉమాకాంత్‌కు కబుర్లు చేరవేసేది.

"ముప్పై ఒకటో బెడ్డు మా ఆయనది, బిడ్డా. సోమలింగం. గొట్టం తీస్తే నిమిషం గూడ ఆగడు. జర చూడు."

కంట్రోల్ రూమ్‌లో చాందిని కాటుక కళ్లతో నవ్వింది. పీపీఈ కిట్‌ను కూడా నడుం దగ్గర బిగించి కుట్టించుకున్న మనిషి ఆమె.

"అరే యార్, టెన్షన్ ఎందుకు? అంతా స్క్రిప్ట్ చూసుకుంటుంది."

అది ఉమాకాంత్ రాసిన స్క్రిప్ట్. నిమిషానికోసారి ఒక కమాండ్ ఆక్సిజన్ ట్యాంకు లెవెల్ అడుగుతుంది. వచ్చిన జవాబును స్క్రిప్ట్ ఒక వేరియబుల్‌లో పట్టుకుని పదితో పోలుస్తుంది. తక్కువైతే రిజర్వ్ వాల్వ్ తెరుస్తుంది.

స్క్రీన్ మీద వరస కదులుతోంది. పదకొండు, ఓకే. పది, ఓకే. తొమ్మిది, ఓకే.

నవత స్క్రీన్ మీదికి వంగింది. "తొమ్మిది ఓకే ఎలా అవుతుంది?"

"అవుతుంది." చాందిని చేతిలో పిస్టల్ మెరిసింది. "ట్యాంకు కింద పైపు కోయించాను. రిజర్వ్ వాల్వ్‌ను చేత్తో తిప్పే చక్రం పీకించాను. ఉమాకాంత్ కూడా ఇదే ప్రశ్న అడిగాడు."

నవత థర్మల్ గన్ నొక్కింది. తెల్లటి మెరుపు. పిస్టల్ పేలి తూటా గోడకు తగిలింది. క్షణంలో చాందిని చేతులు సెలైన్ ట్యూబుతో కుర్చీకి కట్టేసి ఉన్నాయి. చప్పుడు విని బాలవ్వ పరుగున వచ్చింది.

ఎనిమిది, ఓకే.

నవత స్క్రిప్ట్ తెరిచింది. కమాండ్ సరిగ్గానే ఉంది. వేరియబుల్‌లో అంకె సరిగ్గానే ఉంది. హద్దు పది. మధ్యలో తక్కువ గుర్తు. మళ్లీ చదివింది. మళ్లీ. ఎక్కడా తప్పు లేదు.

ఏడు, ఓకే.

"చదువుకో, చదువుకో," కళ్లు కనపడని చాందిని నవ్వుతోంది. "రెండు దాటి దిగితే పైపులో గాలి ఉండదు."

అద్దం అవతల వార్డులో మానిటర్లు ఒక్కొక్కటే అరవసాగాయి.

"ఏందట బిడ్డా అది?"

"పది కంటే తక్కువైతే తెరవాలి, అవ్వా. ఏడు తక్కువ కాదంటోంది!"

"మా సేటు గోదాంల గూడ గిట్లనే అయితుండె. తాకాల మీద, గదే బట్ట చుట్టల మీద నంబర్ రాస్తం గదా. ముకద్దం, గదే గోదాం మేస్త్రి, మొదటి అంకె చూసే పేర్చేటోడు. పదిల ఒకటున్నదని ముంగట పెట్టేటోడు. ఏడును ఎనకకు నూకేటోడు. గందుకే మేం సున్నా ఏడని రాస్తం."

ఆరు, ఓకే.

నవత గిర్రున స్క్రీన్ వైపు తిరిగింది. పోలిక తప్పు! స్క్రిప్ట్ సంఖ్యల్ని పోల్చడం లేదు. పదాల్లా, మొదటి అక్షరం చూసి వరస పెడుతోంది. పదిలో మొదటిది ఒకటి కాబట్టి ఏడే పెద్దదనుకుంటోంది. సంఖ్యల్ని పోల్చడానికి ఉమాకాంత్ రాసిన -lt ను తీసేసి, చాందిని పదాల్ని పోల్చే < పెట్టింది. ఒకే ఒక్క గుర్తు.

చాందిని నవ్వు ఆగిపోయింది.

ఐదు, ఓకే. నవత గుర్తు మార్చింది. చేతి తొడుగు జారి పక్క కీ పడింది. చెరిపింది. మళ్లీ కొట్టింది.

నాలుగు, ఓకే. అప్పుడు సేవ్ అయింది. ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఒక నిమిషం ఆగాలి.

బాలవ్వ అద్దానికి నుదురు ఆనించింది. ముప్పై ఒకటో బెడ్డు మీద ఛాతీ ఎగరడం తగ్గుతోంది. "మామా, జర ఆగు. ఇంకొంచెమే," అని గొణిగింది.

మూడు.

సైరన్ మోగింది. గోడ వెనక రిజర్వ్ వాల్వ్ బుస్సుమంటూ తెరుచుకుంది. సోమలింగం ఛాతీ ఒక్కసారిగా పైకి లేచింది. బాలవ్వ నేల మీద కూలబడి ఏడ్చింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "తప్పు పట్టుకున్న ఎక్స్‌పర్ట్ ఎవరు? ఏ డిపార్ట్‌మెంట్?"

"గోడాదరా పవర్‌లూమ్ షెడ్డు సర్. లూమ్ నంబర్ తొమ్మిది."

వెనక నుంచి బాలవ్వ ఆమె మోచేతిని పొడిచింది.

"సున్నా తొమ్మిదని చెప్పు, బిడ్డా. ఆయన గూడ ముకద్దం లెక్కనే ఉన్నడేమో!"