అత్తగారి చెవిలో ట్రాన్స్‌మిటర్

“నీ మీద ట్రాన్స్‌మిటర్ ఉంటే వాళ్ళు పసిగడతారు,” అన్నాడు చీఫ్. “అందుకని మీ అత్తగారి చెవి మిషన్లో పెడుతున్నాం.”

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గది అది. ఏజెన్సీలో అందరూ డేగ అని పిలిచే ఆ మనిషి, ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఒట్టి ఇన్సూరెన్స్ సర్వేయర్, కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

“ఆవిడెందుకు సార్?”

“పెద్దావిడ చెవి వంక ఎవడు చూస్తాడు? బ్రీఫింగ్ విను. మన ల్యాబ్‌లోంచి రాడార్ చిప్ ఒకటి పోయింది. ఆదివారం విమానాల మ్యూజియంలో చేతులు మారుతుంది. ఇచ్చేది సీతాకోక.”

“మన సీతాకోకా?”

“మనదీ, వాళ్ళదీ. అక్కడ వాలంటీర్ గైడ్‌గా చేరింది. పుచ్చుకునేవాడెవడో తెలీదు. లోపల వాడి జోలికి పోకు, చిప్ మింగేస్తాడు. గేటు దాటాక మనవాళ్ళు చూసుకుంటారు. ఒంటరిగా వెళ్తే నిన్ను గుర్తుపడతారు. ఇంటిల్లిపాదితో వెళ్ళు.”

ఆ మ్యూజియం పేరు డేగ ఇంట్లో తరచూ వినేదే. అత్తగారు పెళ్ళికి ముందు ఎయిర్ హోస్టెస్. ఆవిడ ఎగిరిన రకం విమానం ఒకటి అక్కడికి చేరిందని పేపర్లో చదివినప్పటి నుంచీ, ఒక్కసారి చూపించమని అడుగుతూనే ఉంది. అతను వచ్చే వారం, వచ్చే వారం అంటూ దాటేస్తున్నాడు.

రిపేరుకని చెవి మిషను అడిగి తీసుకుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. “నా గోల పట్టించుకునేది మీరొక్కరే బాబూ,” అంది. అతను ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాడు.

ఆదివారం హ్యాంగర్లో ఇంజనాయిల్ వాసన, కొత్త పెయింటు వాసన కలిసి కొడుతున్నాయి. నీలం ఓవరాల్స్ వేసుకున్న వాలంటీర్లు, ఎక్కువమంది రిటైరైనవాళ్ళే, నిచ్చెనలెక్కి రెక్కలు తుడుస్తున్నారు. మధ్యలో ఉంది ఆ ప్యాసింజర్ విమానం. ముక్కు పైకెత్తుకుని, ఒంటినిండా అతుకులతో.

అత్తగారు దాని తలుపు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. ఆవిడెవరో తెలియగానే వాలంటీర్లు చుట్టూ మూగారు. లోపల సీట్లు ఎలా ఉండేవని ఒకరు, గాలి కుదుపులకి కాఫీ ఒలికేది కాదా అని ఒకరు. ఆవిడ ఒక్కొక్కరికీ వివరంగా చెబుతోంది. ఆవిడ అంత గలగలా మాట్లాడగా డేగ ఎప్పుడూ వినలేదు.

భార్య అతని చెయ్యి పట్టుకుంది. “అమ్మ మాట గుర్తుపెట్టుకుని తీసుకొచ్చారు. నేనే మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను.”

“అదేం లేదులే,” అన్నాడు. అది నిజమని ఆమెకు తెలియదు. ఆమె కూతుర్ని తీసుకుని హెలికాప్టర్ వైపు వెళ్ళింది.

అప్పుడు సీతాకోక కనిపించింది, అత్తగారి చెవి మిషనుకు మాట అందేంత దూరంలో. ఓవరాల్స్ కూడా ఆమె ఒంటి మీద పార్టీ డ్రెస్సులా ఉన్నాయి. డేగ దగ్గరికెళ్ళాడు.

“రెండు రెక్కలూ అసలువేనా?”

“ఎడమది అసలు. కుడిది సవతి తమ్ముడిది.” కోడ్ సరిపోయింది. ఆమె పెదవులు కదలకుండా అంది. “ఇచ్చేశాను. మెడలో రెండు కెమెరాలున్న ఫోటోగ్రాఫర్.”

ఫోటోగ్రాఫర్ విమానం తలుపు దగ్గర నిలబడి లైట్ మీటర్ చూసుకుంటున్నాడు. నిజానికి అది వెలుతురు కొలిచేది కాదు, ట్రాన్స్‌మిటర్లను కనిపెట్టేది. దాని ముల్లు అత్తగారి వైపు తిరగ్గానే గిలగిలా కొట్టుకుంది. అతను తల ఎత్తి, నవ్వాడు.

“అమ్మగారూ, లోపల మీ ఫోటో ఒకటి తీసుకోవచ్చా?”

“తప్పకుండా,” అని ఆవిడ మెట్లెక్కింది.

డేగ చెవిలోని రిసీవర్లో చీఫ్ గొంతు పలికింది. అతను వినగలడేగానీ బదులు చెప్పలేడు. “ఫోటోగ్రాఫర్‌కి ఆవిడ మీద అనుమానం వచ్చింది. డేగా, కదలకు. వాడు చిప్‌తో గేటు దాటాలి. ఆవిడ సంగతి తర్వాత చూద్దాం. ఇది ఆర్డర్.”

అతను కదలలేదు.

ఇన్నేళ్ళ సర్వీసు కాళ్ళకు నేర్పిన అలవాటు అది. విమానం కిటికీలో అత్తగారి నెరిసిన తల కనిపించింది. ఆవిడ ఎవరికో సీటు చూపిస్తోంది. అప్పుడు పరిగెత్తాడు.

లోపలికి వెళ్ళేసరికి ఫోటోగ్రాఫర్ సీట్లో కూర్చుని పెనుగులాడుతున్నాడు. నడుముకు బెల్టు బిగిసి ఉంది. తుప్పుపట్టిన బకిల్ ఊడి రావడం లేదు. అతని చేతిలోని పెన్నుకు పాళీ లేదు, సూది ఉంది. అది అత్తగారి మణికట్టుకు వెంట్రుకవాసి దూరంలో ఉండగా డేగ ఆ చెయ్యి దొరకబుచ్చుకుని వెనక్కి విరిచాడు. పెన్ను జారి కిందపడింది. రెండో చేత్తో వాడు చిప్ నోట్లో వేసుకున్నాడు.

వెనక నుంచి సీతాకోక వచ్చి వాడి ముక్కు మూసింది. గాలి కోసం వాడు నోరు తెరవక తప్పలేదు. నాలుక మీది చిప్‌ను రెండు వేళ్ళతో తీసి, ఓవరాల్స్‌కు తుడిచి, ఒక క్షణం దాని వంక ఆశగా చూసి, డేగ అరచేతిలో పెట్టింది.

“ఈ పూటకి మీ పక్షమే,” అంది. “పెద్దావిడ మీద సూదులెత్తే వాళ్ళతో నాకు పడదు.”

ఏజెన్సీ మనుషులు పేషెంటును తీసుకెళ్తున్నట్టు వాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. ఎండకు కళ్ళు తిరిగాయని వాలంటీర్లకు చెప్పారు. సీతాకోక అప్పటికే మాయం.

అత్తగారు మాత్రం సీట్లోంచి లేవలేదు. పక్కన కూర్చోమని డేగకు సైగ చేసింది.

“బాబూ, మీరు నా మిషన్లో ఏదో పెట్టించారు. పొద్దున్నుంచీ ఒకాయన నా చెవిలో మాట్లాడుతున్నాడు.”

మిషన్లో ట్రాన్స్‌మిటర్ అమర్చిన టెక్నీషియన్, ఇక్కడి మాట అక్కడికి వెళ్తుందిగానీ అక్కడి మాట ఇక్కడికి రాదన్నాడు. వచ్చింది. మొత్తం వచ్చింది.

“ఆ ఫోటోల అబ్బాయి మంచివాడు కాదని ఆయన చెప్తేనే తెలిసింది. అందుకే ముందు కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. తాగి గొడవ చేసేవాళ్ళకి అప్పట్లో అదే చేసేవాళ్ళం.”

“అత్తయ్యగారూ, నేను...”

“ఆవిడ సంగతి తర్వాత అని కూడా ఆయనే అన్నాడు.” ఆవిడ గొంతులో కోపం లేదు. “అది విన్నాక మీరు రావడానికి కాస్త ఆలస్యమైంది.”

డేగ తలవంచుకున్నాడు. ఇంటరాగేషన్లలో గోళ్ళు పీకుతామన్నా తొణకని మనిషి, ఆ ఒక్క మాటకు తొణికి, ముందు సీటు వీపు మీది చిరుగును వేలితో అదిమాడు.

“ఆలస్యమైంది,” అన్నాడు. “క్షమించమని అడిగే ముఖం కూడా లేదు.”

ఆవిడ ఆ మాటను కాదనలేదు. పరవాలేదనీ అనలేదు. “అమ్మాయికి చెప్పను. చెప్పాలనిపిస్తే మీరే చెప్పండి,” అని లేచింది.

ఆ రోజు సాయంత్రం మ్యూజియం క్యాంటీన్లో టీ బల్ల దగ్గర అతను భార్యకు అన్నీ చెప్పాడు. ఆమె కప్పు కింద పెట్టి, ఇంటికి వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక మాత్రం వారం రోజులు ఆపలేదు.

వాలంటీర్లు అత్తగారిని తమలో చేర్చుకున్నారు. ఇప్పుడు ఆదివారాలు ఆవిడ వచ్చినవాళ్ళకు విమానం లోపల చూపిస్తుంది. మొదటి ఆదివారం దింపడానికి వెళ్ళిన అల్లుడి చేతికి ఒక గరుకు కాగితం, ఒక పాత గుడ్డ ఇచ్చి విమానం పొట్ట చూపించింది.

మూడు దేశాల గూఢచారులు ప్రాణాలతో పట్టుకోవాలని వెతుకుతున్న డేగ, ప్రతి ఆదివారం అక్కడే వెల్లకిలా పడుకుని తుప్పు గోకుతుంటాడు.