పాత బాయి మీద చందమామ ఫోటో

మందమర్రిలో క్వార్టర్ల వెనక ఒక పాత బాయి ఉండేది. బొగ్గు గనిని అక్కడ బాయి అనే అంటారు. అది మూతబడి ఏళ్ళయినా దాని చెడ్డపేరు మాత్రం మూతపడలేదు. చీకటి పడ్డాక అటువైపు ఎవరూ పోయేవారు కాదు... తప్పక పోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు కాదు.

అక్కడి దెయ్యం పేరు రాయమల్లు.

బతికున్నప్పుడు అతని పని తలుపు కాయడం. బాయి లోపల గాలి దారి తప్పకుండా తలుపులుంటాయి. బొగ్గు మోసే టబ్బు బండి వస్తే తెరవాలి, పోగానే మూయాలి. మరిచిపోతే లోపలున్నవాళ్ళకు ఊపిరాడదు. ఒకనాడు ఎవరో తలుపు తెరిచి వదిలేసి పైకి వచ్చేశారట. మూసొస్తానని రాయమల్లు వెనక్కి పోయాడు. కప్పు కూలింది.

అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఏది తెరిచి వదిలినా ఎవరో మూస్తారు. కడవ మీద మూత పడి ఉంటుంది. గొడుగు ముడిచి ఉంటుంది. జొన్నల సంచికి మూతి కట్టి ఉంటుంది...

పీక నొక్కే దెయ్యాలు, రక్తం కక్కించే దెయ్యాలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. ఇల్లు సర్దిపెట్టే దెయ్యం మందమర్రికే దక్కింది. అయినా జనానికి కృతజ్ఞత ఎక్కడిది? భయపడేవారు.

ఇక మా మేనమామ మధుసూదన్‌రావు సంగతి. సుల్తానాబాద్‌లో భూములున్న ఇంట్లో పుట్టి, బాయి ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఆయనకు తెరవడం వచ్చు గాని మూయడం రాదు. సిరాబుడ్డి, ట్రంకుపెట్టె, నీళ్ళ నల్లా, నోరు... అన్నీ బార్లా తెరిచే ఉండేవి. నోరు మరీను.

పందొమ్మిది వందల అరవై రెండులో ఆయనకు ఆసిఫాబాద్ పిల్ల సరళాదేవితో పెళ్ళయింది. ఏడాది దాటినా పిల్ల కాపురానికి రాలేదు. పిల్ల తల్లి జానకీబాయి క్వార్టర్ చూసిపోదామని ఒకసారి వచ్చింది. పక్కింటి సత్తవ్వ నోట రాయమల్లు కథ విన్నది. కాఫీ చల్లారకముందే రైలు స్టేషన్‌లో ఉంది.

దసరాకు మామ అత్తారింటికి పోయాడు. ఆ రోజుల్లో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. తలుపు చాటు నుంచి, కూతురితో అన్నట్టు అంటుంది.

"చెప్పవే సరళా... దయ్యం ఉన్న తాన పిల్లను తోలనని చెప్పు."

"దయ్యం లేదు, గియ్యం లేదు," అన్నాడు మామ. "రుజువు చూపిస్త."

"ఎట్ల చూపిస్తడో అడుగే."

"పున్నం నాడు ఫోటో తీస్త. పైన చందమామ, కింద పాత బాయి. దయ్యముంటే ఫోటోల పడాలె గదా? పడకుంటే మీ పిల్లను తోలాలె."

తలుపు చాటు నుంచి మళ్ళీ గొంతు వచ్చింది.

"పడ్డదనుకో... పిల్ల ఇగ ఈడనే ఉంటదని చెప్పు."

"మీ మామ మీద నాకు పాణమే," అని సరళాదేవి అత్తమ్మ చాలా ఏళ్ళ తర్వాత నాతో అన్నది. "తెలివి మీదనే జర అనుమానం."

అనుమానం న్యాయమైనదే. అప్పటికి మామ కెమెరా ముట్టుకున్న పాపాన పోలేదు.

మంచిర్యాలలో ఫోటోలు తీసే లక్ష్మీరాజం దగ్గర ఒక డబ్బా కెమెరా అడిగి తెచ్చుకున్నాడు. "రాత్రి ఫోటో అంటే గీ మీట నొక్కిపట్టి జరసేపు తెరిచి ఉంచాలె సార్," అన్నాడు లక్ష్మీరాజం. "జరసేపే!" ఆ చివరి మాట మామ చెవికెక్కలేదు. బియ్యం ఎంత నానితే అంత మెత్తన, చంద్రుడు ఎంత నానితే అంత తెల్లన అని తనకు తానే లెక్క కట్టుకున్నాడు. నొక్కిపట్టడం వేలికి శ్రమ కాబట్టి సైకిల్ ట్యూబు ముక్కొకటి జేబులో వేసుకున్నాడు.

పున్నమి వచ్చింది.

పాత బాయికి ఎదురుగా బోర్లించిన టబ్బు ఒకటి ఉంటే దానిమీద కెమెరా పెట్టాడు. మీట నొక్కి, ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. కెమెరా కన్ను తెరుచుకుంది.

ఇక కూర్చున్నాడు.

ఎక్కడో నక్క కూసింది... ఆగింది. తర్వాత ఏమీ లేదు. అసలు ఏమీ లేకపోవడం ఎంత చప్పుడు చేస్తుందో మామకు అప్పుడే తెలిసింది.

టార్చి వేసుకుని బాయి వైపు నడిచాడు. ధైర్యం కొద్దీ నడిచానని ఆయన అనేవాడు. ఒక్కడూ కూర్చోలేక నడిచాడని అత్తమ్మ అంటుంది. అక్కడ ఒక చిన్న గది, దానికో ఇనుప తలుపు. తోశాడు.

కిర్‌ర్‌ర్...

లోపల గబ్బిలాల కంపు. విరిగిన తట్టలు రెండు.

"ఏమున్నది ఈడ? మన్ను!" అన్నాడు గట్టిగా, వినాల్సినవాళ్ళెవరైనా ఉంటే వినాలని. వెనుదిరిగి నడిచాడు. తలుపు తెరిచే వదిలేశాడు. ఇంకేం చేస్తాడు?

నాలుగడుగులు వేశాడో లేదో... వెనక —

ధన్!

తలుపు పడింది.

మామ నిలబడిపోయాడు. తుమ్మ చెట్టు మీద ఆకు కదలడం లేదు. వెన్నెల మాత్రం పాలు పోసినట్టుంది... గాలి లేదు. ఎక్కడా లేదు.

ఆ తర్వాత పరుగెత్తలేదని, కొంచెం త్వరగా నడిచానని మామ చచ్చేదాకా చెప్పాడు. త్వరగా నడిచిన మనిషికి ఒక చెప్పు దారిలో ఎలా ఊడిపోయిందో మాత్రం చెప్పలేదు. చేతిలో టార్చి ఊగుతుండగా కెమెరా పక్కనుంచే దూసుకుపోయి, దాని వంకైనా చూడకుండా, క్వార్టర్‌లో దుప్పటి కింద తేలాడు.

తెల్లారాక, ఎండెక్కాక, డ్యూటీకి పోయే జనం వెంట వెళ్ళి కెమెరా తెచ్చుకున్నాడు. ట్యూబు ముక్క చక్కగా చుట్ట చుట్టి దాని పక్కనే పెట్టి ఉంది. తీసి జేబులో వేసుకున్నాడు. ఇదేమిటని ఆలోచించలేదు. ఆలోచించడం ఆయనకు అలవాటు లేని పని.

లక్ష్మీరాజం ఫోటో కడిగి ఇచ్చి, తన చేతులు కూడా కడుక్కున్నాడు.

"సార్... గిది ఇంట్ల పెట్టుకోకున్రి," అన్నాడు మెల్లగా.

ఫోటోలో పైన చందమామ బియ్యపు గింజలా సన్నగా సాగి ఉన్నాడు. నానబెట్టిన ఫలితం. కింద పాత బాయి పట్టపగలులా కనిపిస్తోంది. ఆ ఇనుప తలుపు దగ్గర మొదలై, వంకర్లు తిరుగుతూ, చూసేవాళ్ళ మీదికే వస్తూ... ఒక నిప్పు గీత. గీతే ఉంది. పట్టుకున్న చెయ్యి లేదు. మనిషి లేడు.

అచ్చంగా కొరివి దెయ్యం!

చింపేసి, ఫోటో పాడైందని చెబితే సరిపోయేది. కానీ లక్ష్మీరాజం నోరు మామ నోటికి తమ్ముడు. ఫోటో కన్నా ముందే కబురు ఆసిఫాబాద్ చేరింది. మామ తల వేలాడేసుకుని వెళ్ళాడు. తలుపు సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఫోటో అందుకుంది.

"చంద్రుడేడని అడుగే."

"గా పైన... సన్నగ."

"గీ బియ్యపు గింజనా?" తర్వాత ఒక్కసారిగా, "అగో! కొరివి దయ్యం! పిల్లను తోల. మాటంటే మాటే!"

సరళాదేవి లోపలికి పోయి ఫోటో అందుకుంది. వెలుగులోకి తెచ్చి చాలాసేపు చూసింది. కాపురం చేజారిపోతుంటే ఎవరికైనా చూపు పదునెక్కుతుంది.

"మీరు టార్చి పట్టుకొని ఉరికిన్రా?"

"ఉరకలే. జర జల్ది నడిసిన."

"గీ గీత మీ టార్చిదే. మీరు ఆగకుండ ఉరికితిరి, అందుకే మీరు పడలే, వెలుగే పడ్డది. గీడ గీత కిందికి వంగింది సూడున్రి. చెప్పు పోయింది గీడనేనా?"

మామ కళ్ళు పెద్దవి చేశాడు. అక్కడే!

"చూసిన్రా! గా దయ్యం నేనే!" అని తలుపు వైపు తిరిగి అరిచాడు. ఇంత గర్వంగా ఆ మాట అన్న అల్లుడు ఆ జిల్లాలో ఇంకొకడు ఉండడు.



"ఆయనే దయ్యమైతే... అల్లునిగ తెచ్చుకున్నంక ఏం జేస్తం, పిల్లను తోల్కపొమ్మను," అన్నది జానకీబాయి.

సరళాదేవి మాత్రం ఇంకా ఫోటో చూస్తూనే ఉంది. గొంతు తగ్గించింది.

"మీరు ఉరికిన్రు గదా... కెమెరా ఎవలు మూసిన్రు?"

"తెల్లారి పోయి తెచ్చుకున్న."

"అప్పటిదాక తెరిచే ఉంటే ఎండ తగిలి ఫోటో మొత్తం కరాబైతుండె. గీ ఫోటో వచ్చిందంటే... మీరు ఉరికినంక, పొద్దు పొడవకముందే, ఎవలో మూసిన్రు."

మామ చెయ్యి జేబులోకి పోయింది. ట్యూబు ముక్క ఇంకా అక్కడే ఉంది, చుట్ట చుట్టి.

మొదటిసారి ఆయన నోరు మూతబడింది.

"మా అవ్వకు చెప్పకున్రి," అన్నది సరళాదేవి, తల్లి ఉన్న తలుపు వైపు చూసి. ఫోటోను మడత చీరలో పెట్టి పెట్టె సర్దుకుంది. భయం లేదా అని నేనడిగితే, "ఉండె," అన్నది అత్తమ్మ. "కాని మీ మామ తెరుసుకుంట పోతుంటే ఎనుక మూసుకుంట ఎవలో ఒకలు రావాలె గదా. నేనొక్కదాన్ని ఎంతకని మూస్త?"

క్వార్టర్‌కు వచ్చిన మొదటి రాత్రి, అలవాటు ప్రకారం, మామ పెరటి తలుపు బార్లా తెరిచి వచ్చి పడుకున్నాడు. అత్తమ్మ చూసింది. చూసి, మూయలేదు. కావాలనే.

తెల్లారి లేచి చూస్తే తలుపు మూసి ఉంది. గడియ కూడా వేసి ఉంది... లోపలి నుంచి.

"మీరేసిన్రా?" అని అడిగింది.

"నేనెందుకు వేస్త?" అన్నాడు మామ. అవునని ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆమె ఆ రాత్రయినా నిద్రపోయేది.