సచ్చిన సర్పంచ్ పదో ఎపిసోడ్

చెంచురామయ్య ఏన్కూరులో బస్సెక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. శ్రావణమాసపు ముసురు మూడు రోజులుగా పట్టింది పట్టినట్టే ఉంది. కిటికీ అద్దం సగం దిగి ఇరుక్కుపోయింది. ఎడమ భుజం తడుస్తున్నా జరిగి కూర్చునే ఓపిక లేదాయనకు. యాభై నాలుగేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు గొంతు అమ్ముకుని బతికినవాడు. నాటకాలు వేశాడు, ఎరువుల కొట్లకు మైకులో అరిచాడు, ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీనీ సాయంత్రం ఇంకో పార్టీనీ అదే ఆటోలో కూర్చుని పొగిడాడు. చివరికి హైదరాబాద్ చేరి బొమ్మలకు డబ్బింగు చెప్పాడు.

కండక్టర్ ఎక్కడికని అడిగితే జూలూరుపాడు అన్నాడు. ఆ గొంతులో ఆ ఒక్క మాట వినగానే ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వారు. సచ్చిన సర్పంచ్, అన్నాడు ఒకడు. చెంచురామయ్య బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏడాదిగా వింటున్నదే.

ఆ ముందటేడు, అంటే రెండువేల అయిదులో, ఆ పేరుతో ఒక బొమ్మల సీరియల్ వచ్చింది. బొమ్మలంటే పిల్లలవి కావు. రాత్రి పదిన్నరకు, పెద్దలకు మాత్రమే అని కింద రాసి మరీ వేసేవాళ్లు. కథేమిటంటే, ఒక ఊళ్లో సర్పంచ్ చచ్చిపోతాడు. పాడె మోసుకుపోతూ నడిమధ్య దింపుడు కళ్లం దగ్గర ఆపి, ఆచారం ప్రకారం చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఎక్కడైనా శవం పలుకుతుందా? ఈయన మూడో పిలుపుకు "ఆఁ, ఏందిరా" అని లేచి కూర్చుంటాడు. తాను చచ్చిన సంగతి ఆయనకు తెలియదు, చెప్పే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. ఇక శవమే గ్రామసభ పెడుతుంది, సారా దుకాణం వేలం వేస్తుంది, రాత్రయితే పెళ్లాం పక్కన పడుకోవడానికి తయారవుతుంది.

జనం పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు. నవ్వినవాళ్లే తెల్లారి ఛానెల్‌కు ఫోన్ చేసి ఇదేం పాడు సీరియలని తిట్టారు. తొమ్మిది వారాలకు ఆపేశారు. పదో వారం సర్పంచ్‌ను మళ్లీ పాడె మీద పడుకోబెట్టి, మళ్లీ మూడుసార్లు పిలిచి, ఈసారి పలకకుండా సాగనంపాలి. బొమ్మలు గీయడం అయింది గానీ గొంతులు పెట్టడం కాలేదు. అలా ఆయన సాగకుండానే ఉండిపోయాడు.

ఇందులో ఇంకో తిరకాసుంది. మొదటి రికార్డింగు నాటికి సర్పంచ్‌కు పేరు పెట్టలేదు. బొమ్మలు గీసే లాలు మైకు సరిచూద్దామని ఊరికే "చెంచురామయ్యా" అని పిలిచాడు. రెండుసార్లు ఊరుకుని, మూడోసారికి, సర్పంచ్‌కు గొంతిచ్చే చెంచురామయ్య విసుగ్గా, ముక్కుతో "ఆఁ, ఏందిరా" అన్నాడు. అది ఎంత బాగా కుదిరిందంటే, దర్శకుడు దాన్నే ఉంచి సర్పంచ్‌కు ఈయన పేరే పెట్టేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చెప్తే భార్య ప్రమీలారాణి మాత్రం నవ్వలేదు. బతికున్న మనిషి పేరు పాడె మీద పిలుస్తారా ఎవరైనా అని అడిగి, లోపలికి పోయింది.

సీరియల్ ఆగిన నెలకు మొదలైంది. ఆ ముక్కు గొంతు ఆయనను వదల్లేదు. సొంత గొంతుతో మాట్లాడదామని నోరు తెరిస్తే, వచ్చేది సర్పంచే. ఖమ్మంలో దవాఖానాకు పోతే గొట్టం పెట్టి చూసి, ఏమీ లేదు, రెస్టు తీసుకోమన్నారు. రెస్టు తీసుకున్నాడు. ఇంట్లో మాట్లాడటమే మానేశాడు. ఒక రాత్రి ప్రమీలారాణి ఆయన మంచం పక్కన కూర్చుంది. "ఒక్కసారి నీ గొంతుతో రాణీ అని పిలువయ్యా. ఇంకేం అడుగ నిన్ను" అంది. ఆయన పిలిచాడు. సర్పంచ్ పిలిచాడు. ఆవిడ దుప్పటి తీసుకుని అరుగు మీదికి వెళ్లి పడుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని ఆయనకు చాలా రోజులు అనిపించింది.

అందుకే లాలు కబురు పెట్టగానే బయల్దేరాడు. ఆఖరి ఎపిసోడ్ ముగించేద్దాం, వాణ్ని సాగనంపితే నీ గొంతు నీకొస్తది కాకా అన్నాడు లాలు. నిజమో కాదో ఆలోచించే శక్తి చెంచురామయ్యకు లేదు. తన గొంతు తనకు కావాలి. అంతే.

లాలు ఇల్లు జూలూరుపాడు దగ్గరి తండా చివర, అడవికి ఆనుకుని ఉంది. స్టూడియో మూతపడ్డాక జీతం బదులు ఒక కంప్యూటర్ తెచ్చుకున్నాడు. చప్పుడు లోపలికి రాకుండా కిటికీలకు బొంతలు కట్టాడు. గదిలో తడి బొంతల వాసన, పక్కన బస్తాలో ఇప్పపువ్వు పులిసిన వాసన. పొయ్యి వెలిగించిన జాడ లేదు. పెళ్లాం సోమ్లి పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి పోయి నెలయిందట. ఎందుకని అడిగితే లాలు తెర వైపు చూపించాడు.

"నేను సర్పంచ్ నోరు మూసే గీస్తున్న కాకా. పొద్దుగాల చూస్తే తెరిచి ఉంటది. మళ్ల మూస్త. మళ్ల తెరుస్తడు."

అతని కళ్ల కింద నల్లగా ఉంది. పలకని శవానికి గొంతు చెప్పేవాడెందుకని చెంచురామయ్య అడిగాడు.

"మౌనం గూడ రికార్డు చెయ్యాలె గదా. నువ్వు మైకు ముందల ఉండాలె, పలకొద్దు. గదే నీ పని."

నిజమే. ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు, ఖాళీ గది మౌనం వేరు, మనిషి ఊరుకున్న మౌనం వేరు.

లోపలి గదిలో నాలుగు బొంతలు వేలాడదీసి గుడారంలా చేశాడు లాలు. మైకు, చెవులకు హెడ్‌ఫోన్, చిన్న తెర. చెంచురామయ్య అందులో కూర్చున్నాడు. లాలు బయటి గదిలో కంప్యూటర్ దగ్గరకు వెళ్లాడు. తెర మీద పాడె కనిపించింది. తెల్ల గుడ్డ, మెడ దాకా. సర్పంచ్ ముఖం... ఉబ్బిన బుగ్గలు, మూసిన నోరు. జనాన్ని అంతగా నవ్వించిన ముఖమే.

"చెంచురామయ్యా..."

లాలు గొంతు హెడ్‌ఫోన్లో మెల్లగా వినిపించింది. ఆయన పలకలేదు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

"చెంచురామయ్యా..."

పలకలేదు. గుండె చప్పుడు మైకులో పడుతుందేమో అనుకున్నాడు. ఇంకొక్కటి. ఇంకొక్క పిలుపు ఊరుకుంటే చాలు.

కరెంటు పోయింది.

బయట గదిలో బల్బు ఆరిపోయింది. కంప్యూటర్‌కు తగిలించిన బ్యాటరీ పెట్టె కుయ్... కుయ్... అనడం మొదలుపెట్టింది. తెర మాత్రం వెలుగుతూనే ఉంది. రేకుల మీద వాన. ఆ వాన చప్పుడు కూడా ఎందుకో దూరంగా పోయింది. ఎవరో చెవి దగ్గరికి వంగినట్టు, వెచ్చగా ఊపిరి తగిలింది.

"చెంచురామయ్యా."

లాలు కాదు. ఆ గొంతు ఆయనకు తెలుసు. నాటకాల నాటి గొంతు. పెళ్లిచూపుల్లో పద్యం పాడిన గొంతు. ఏడాదిగా వెతుకుతున్న తన సొంత గొంతు.

తెర మీద సర్పంచ్ నోరు తెరుచుకుంది. చప్పుడు లేదు. నల్లగా తెరుచుకుని, ఎదురుచూస్తున్నట్టు అలాగే ఉంది.

ముప్పై ఏళ్లు ఆయన చేసిన పని ఒక్కటే. తెర మీద నోరు తెరుచుకుంటే గొంతు ఇవ్వాలి. ఆలోచించేలోపే ఇచ్చేయాలి. అలవాట్లో పొరపాటంటారే, అదే జరిగింది.

"ఆఁ" అన్నాడు చెంచురామయ్య.

నోరు మెల్లగా మూసుకుంది.

లాలు సెల్‌ఫోన్ వెలుగు పట్టుకుని బొంత పక్కకు తీశాడు. "ఎందుకు పలికినవ్ కాకా" అన్నాడు గుసగుసగా.

"మూడోసారి పిలుపు వినొచ్చింది గద."

"లేదు. కరెంట్ పోంగనే ఆపేసిన. నేను రెండుసార్లే పిలిచిన."

ఇద్దరూ తెర వైపు చూశారు. పాడె ఉంది. దాని మీద ఎవరూ లేరు. ఖాళీ పాడె తానెన్నడూ గీయలేదన్నాడు లాలు. ఆ మాట రెండుసార్లు అన్నాడు.

చీకటి పడుతుండగా లాలు ఫోన్ మోగింది. ప్రమీలారాణి. ఏన్కూరు ఇంటి నుంచి. లాలు స్పీకర్ నొక్కాడు.

"నీ కడుపు సల్లగుండ లాలు తమ్మీ" అంటోంది ఆవిడ. "ఆయనకు గొంతొచ్చింది. ఇప్పుడే ఇంటికొచ్చిండు. గేటు కాడి నుంచే రాణీ అని పిలిచిండు. అచ్చం ఎనుకటి లెక్కనే. పెరట్ల కాళ్లు కడుక్కుంటుండు, చాయ్ పెడుతున్న."

వెనక నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

చెంచురామయ్య ఫోన్ లాక్కున్నాడు. తాను ఇక్కడే ఉన్నానని, తలుపు వేసుకొమ్మని, కాదు, బయటికి పొమ్మని, పక్కింటికి ఉరకమని చెప్పాడు. అంతా ఆ ముక్కు గొంతుతోనే వచ్చింది. ఎంత భయంగా చెబితే అంత నవ్వొచ్చేట్టు ఉంది.

అవతల ప్రమీలారాణి నవ్వింది. ఏడాదిగా ఆయన వినని నవ్వు.

"చాలు తీ తమ్మీ. ఆ సచ్చినోడి గొంతు ఇంక నా చెవిన పడనియ్యకు."

"రాణీ, నేను... నేనే..."

"ఎవరు రాణీ?" అని అడిగింది అవతల, ఫోన్‌కు చాలా దగ్గరగా, చెంచురామయ్య గొంతు.

"లాలు తమ్మి. నిన్ను ఎక్కిరిస్తుండు."

"పెట్టెయ్. పెట్టేసి లైటు బంద్ చెయ్యి. కండ్లు మండుతున్నయ్."

ఫోన్ కట్టయింది. లాలు మళ్లీ నొక్కాడు. నాలుగు రింగులకు అవతల ఎవరో ఎత్తారు. మాట్లాడలేదు. పెరట్లో కాళ్ల మీద నీళ్లు పోసుకుంటున్న చప్పుడు మాత్రం, చెంబు తర్వాత చెంబు, ఆగకుండా వస్తూనే ఉంది.