యించువాన్ ఛార్టర్

జాబితా దొంగిలించినవాడు రియాద్‌లో ఒక హోటల్ లిఫ్టులో శవమై దొరికాడు. జాబితా మాత్రం దొరకలేదు.

"నలభై పేర్లు ఆరిఫాగారూ," అన్నాడు ప్రభాకర్. పైకి జెద్దా కాన్సులేట్‌లో వీసా ఆఫీసరు, లోపల మన గల్ఫ్ గూఢచారి నెట్‌వర్క్‌కి చీఫ్. "కూలీలుగా, డ్రైవర్లుగా సౌదీ అంతా ఉన్న మనవాళ్ళు. మొత్తం మైక్రోఫిల్మ్‌లోకి ఎక్కించేశారు. రేపు మధ్యాహ్నం రెండింటికి చైనాలో యించువాన్ వెళ్ళే హాజీల ఛార్టర్‌లో దాటిస్తున్నారు. ఫ్లైట్ లేచిందా, ఇక అంతే."

ఆ నలభైలో పదిహేడో పేరు జబీ. జుబైల్‌లో వెల్డర్. ఆరిఫా ఎత్తుకు పెంచిన తమ్ముడు.

కర్నూలు ఆరిఫాకి ఈ పని కొత్త కాదు. తొంభై ఒకటిలో గల్ఫ్ యుద్ధం జరుగుతూ స్కడ్ క్షిపణులు పడుతుంటే దమ్మామ్‌లో ఒక ఇంట్లో ఆయాగా ఉంటూ, బియ్యం డబ్బాలో రేడియో దాచి నడిపిన మనిషి. పదహారేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఇరవై రోజులుగా జెద్దా హజ్ టెర్మినల్‌లో ఆడవాళ్ళ బాత్‌రూముల క్లీనర్. హిజాబ్ కింద ఇయర్‌ఫోన్, మాప్ కర్రలో మైకు. ఫినాయిల్ బకెట్ పట్టుకున్న ఆడదాన్ని ఎవరు చూస్తారు చెప్పండి? అదే ఆమె మారువేషం.

"కొరియర్ ఎవరో మన సోర్స్ లిన్ చూపిస్తుంది. ఎయిర్‌లైన్ ఇంటర్‌ప్రెటర్, హాజీలతోపాటే ఫ్లైట్ ఎక్కుతుంది. ఒకప్పుడు ఈ జాబితా కొట్టేసిన ముఠాలోనే ఉండేది. రెండేళ్ళుగా మనకి పనిచేస్తోంది. కోడ్ వర్డ్ ఖర్జూరం," అన్నాడు ప్రభాకర్.

ఆ రాత్రి ఆరిఫా యించువాన్ ఎయిర్‌పోర్టు గురించి ఆఫీసు ఫైల్లో ఉన్నదంతా చదివింది. హలాల్ భోజనం, నమాజు గది, వేణ్ణీళ్ళ కుళాయిలు, ఎప్పుడు కట్టారు, అంతకుముందు ఏముండేది, అన్నీ.

మర్నాడు ఒంటిగంటకి లిన్ వచ్చింది. మీగడరంగు అబాయా, నల్ల కళ్ళద్దాలు, చేతిలో మక్కా బావి పవిత్రజలం, జమ్‌జమ్ నీళ్ళ క్యాన్. అందగత్తే, ఒప్పుకోవాలి.

"ఖర్జూరం," అంది ఉర్దూలో మెల్లగా. "బూడిదరంగు టోపీ ముసలాయన. ఫిల్మ్ ఆయన చేతికర్రలో ఉంది."

"మీదీ యించువానేనా?" నేల తుడుస్తూ అడిగింది ఆరిఫా.

"అక్కడే పుట్టాను. నాన్న హెడాంగ్ ఎయిర్‌పోర్టులో లోడర్. చిన్నప్పుడు గల్ఫ్ యుద్ధం వార్తలు ఆ లాంజ్‌లో టీవీలోనే చూశాను."

ఆరిఫా మాప్ ఆగలేదు గానీ రాత్రి చదివిన ఫైలు గుర్తొచ్చింది. హెడాంగ్ తెరిచింది తొంభై ఏడులో. యుద్ధం నాటికి ఆ ఊరి విమానాలు దిగింది వేరే పాత ఎయిర్‌పోర్టులో. నాన్న మూటలు మోసి కూడు పెట్టిన చోటు ఏ బిడ్డకైనా గుర్తుంటుంది. ఎవరో కొత్త బ్రోషర్ చూసి ఈమెకి బాల్యం రాసిచ్చారు.

లిన్ అటు వెళ్ళగానే మాప్ కర్ర నోటి దగ్గరికి తెచ్చుకుంది. "సార్, ఆ యమ్మ అబద్ధం చెప్తాంది. ముసలాయన దగ్గర ఏం లేదు. మనల్ని పక్కకి తిప్పుతాంది."

"ఎయిర్‌పోర్టు పేరు పొరపాటున చెప్పి ఉండొచ్చు. ఆవిడ రెండేళ్ళుగా మన సోర్స్ అండీ. మీరు ముసలాయన వెనక వెళ్ళండి. దిసీజ్ యాన్ ఆర్డర్."

"నేను పోను సార్."

"ఆరిఫాగారూ..."

"పీకేస్తే పీకేయండి. నా తమ్ముడి పేరుంది దాంట్లో. యాడికీ పోను." అని ఇయర్‌ఫోన్ లాగి బకెట్‌లో పడేసింది.

ఒకటీ నలభై. ఫైనల్ కాల్ మొదలైంది. లిన్ మళ్ళీ వచ్చి, క్యాన్ పట్టుకునే టాయిలెట్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆరిఫా మూసిన ఆ తలుపు వైపు చూసింది. ఇరవై రోజుల్లో వేలమంది హాజీ ఆడవాళ్ళని చూసింది. ముసలివాళ్ళు, రోగిష్టివాళ్ళు, తోడెవరూ లేనివాళ్ళు. ఒక్కరంటే ఒక్కరు జమ్‌జమ్‌ని పాయిఖానాలోకి తీసుకుపోలేదు. గుమ్మం బయట గుడ్డ పరిచి పెట్టి, కాస్త చూడమ్మా అని సైగ చేసి వెళ్ళేవాళ్ళు. ఆ క్యాన్ చెయ్యి వదలకూడనిదైతే లోపలున్నది నీళ్ళొక్కటే కాదు.

బయటి తలుపుకి అడ్డంగా నిలబడింది. లిన్ వచ్చింది.

"గొంతెండిపోతాంది బేటీ. ఒక్క గుక్క జమ్‌జమ్ పొయ్యి," అంది ఉర్దూలో, దోసిలి పట్టి.

ఆ నీళ్ళు అడిగితే కాదనే హాజీ ఉండదు. లిన్ క్యాన్‌ని వెనక్కి లాక్కుంది. రెండో చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. దాని కొసన చిన్న తుపాకీ గొట్టం.

ఆరిఫా బకెట్‌ని కాలితో తన్నింది. ఫినాయిల్ నీళ్ళు నేలంతా పారాయి. హైహీల్స్ జారాయి, తూటా సీలింగ్‌లోకి పోయింది, మాప్ కర్ర లిన్ మణికట్టు మీద పడింది. క్యాన్ అడుగున దొంగ అర. అందులో గోరంత ఫిల్మ్. ఆరిఫా దాన్ని గ్లౌజులోకి తోసి, గోడకి ఆనుకుని కేకలు పెట్టింది. లేడీ పోలీసులు పరిగెత్తుకొచ్చేసరికి, నేల మీద తుపాకీతో ఒక దొరసానీ, మూల వణికిపోతూ ఒక క్లీనరూ.

సరిగ్గా రెండింటికి ఛార్టర్ లేచింది. ముసలాయన చేతికర్రతో సహా హాయిగా వెళ్ళాడు. ఒక్క సీటే ఖాళీ.

సాయంత్రం ఫిల్మ్ బల్ల మీద పెడితే ప్రభాకర్ దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. "మీరు ఆర్డర్ ధిక్కరించారు. ఢిల్లీకి రిపోర్టులో ఏం రాయమంటారు?"

"ఉన్నదే రాయండి సార్, మాట వినలేదని," అంది ఆరిఫా లేస్తూ. "సాక్షి సంతకాలకి కింద కొంచెం జాగా వదలండి. నలభై మంది ఉండారు."