సహరీ గోళీలు

"ఈ గోళీలు నకిలీవి!"

సబియా డబ్బాను కౌంటర్ మీద కొట్టిన చప్పుడుకు పటాన్‌చెరు బస్టాండ్ దగ్గరి ఆ మెడికల్ షాపులో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. కౌంటర్ వెనకున్న ఉబేద్ మాత్రం ముందు సంతోషపడ్డాడు. రంజాన్ ఉపవాసాలు, రోజాలు మొదలైనప్పుడు, వాళ్ళమ్మకు కాల్షియం తక్కువుందని డాక్టర్ చెప్పాడంటూ మోకాళ్ళ నొప్పులకు ఆ గోళీలు కొనుక్కెళ్ళిన పిల్ల! మళ్ళీ ఎప్పుడొస్తుందా అని ఆనాటి నుంచి రోడ్డు వైపే చూస్తున్నాడు. వచ్చింది. ఇట్లా వచ్చింది.

"ఏ గోళీలు మేడం?"

"థైరాయిడ్‌వి. అమ్మీ మీ దగ్గర్నే తీస్కుంటది. ఒక్క దినం తప్పది, నా చేతులతోనే ఇస్త. అయినా ముఖమంత వాచింది. పండుగ బట్టలు కుట్టుకుంట కుట్టుకుంట మిషిను మీదనే నిద్రపోతుంది. టెస్ట్ చేపిస్తే థైరాయిడ్ ఎక్కడికో పోయింది. నేను ఫార్మా కంపెనీల క్వాలిటీ ల్యాబ్‌ల పనిచేస్త, నాకు తెల్వదా? కంప్లయింట్ ఇస్త!"

షాంపూ కొనడానికొచ్చిన ఒకామె దాన్ని మెల్లగా కౌంటర్ మీదే పెట్టేసి వెళ్ళిపోయింది. ఉబేద్‌కు ఒళ్ళు మండింది. మండదా మరి? వాళ్ళ నాన్న పెట్టిన షాపు. నకిలీ అనే మాట బజార్లో పడ్డాక మందుల షాపు ఎక్కడైనా బతుకుతుందా? ప్రేమ సంగతి తర్వాత, ముందు పరువు!

"రోజాల ఉన్న మేడం. లేకుంటే నోటికొచ్చింది అంటుంటి."

"నేను గూడ రోజాలనే ఉన్న. లేకుంటే గీ డబ్బా మీ ముఖానికే కొడ్తుంటి!"

"చలో, మీ ఇంటికే వస్త. అమ్మీనే అడుగుత. నా గోళీలు నకిలీవైతే నేనే షట్టర్ దించుకుంట."

"రండ్రి! నాకేం భయమా?"

ముందు ఆమె స్కూటీ, వెనక అతని బండి. హైవే మీద సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఆగినా ఇద్దరూ ఎదురుగా ఉన్న లారీనే చూశారు. అతను మాత్రం ఒకసారి పక్కకు చూశాడు. కోపంగానే చూశాడులెండి.

ఇల్లు చేరేసరికి పొద్దుగూకి, మగ్రిబ్ అజాఁ వేళ దగ్గరపడింది. సబియా వాళ్ళమ్మ షకీలా కుట్టుమిషను ముందు నుంచి లేచి, ఇద్దరి అరుపులూ కాసేపు విన్నది.

"కొట్లాట రోజా ఇడిసినంక. రోజాల గీ కోపం ఏంది? కూసో బేటా."

రోజా విడిచే వేళకు గడపలోకొచ్చిన మనిషిని ఆ ఇంట్లో తిప్పి పంపరు. కొట్లాటకొచ్చినవాడైనా సరే. సబియా పళ్ళు కొరుకుతూనే అతని ముందు ఖర్జూరాల పళ్ళెం పెట్టింది.

ఇఫ్తార్ అయ్యాక ఉబేద్ నెమ్మదిగా అడిగాడు. "అమ్మీ, గోళీలు ఎట్ల ఏస్కుంటరు?"

"మస్తు జాగ్రత్తగ బేటా! పొద్దంత మంచినీళ్ళు గూడ తాగంగద. తెల్లారకముందే సహరీల అన్నం తిన్నంక అన్నీ కలిపి మా సబియానే నా చేతుల పెడ్తది. ఒక్కటే గుక్క."

"అన్నీ అంటే?"

షకీలా డబ్బాలోంచి తీసి అరచేతిలో పెట్టి చూపించింది. థైరాయిడ్ గోళీ, రక్తానికి ఐరన్, మోకాళ్ళకు కాల్షియం.

"థైరాయిడ్ గోళీతోని కాల్షియమా! అన్నం తిన్నంకనా!" ఉబేద్ నెత్తి పట్టుకున్నాడు. "కాల్షియం గానీ ఐరన్ గానీ దాన్ని ఒంటికి పట్టనియ్యయి. నడుమ నాలుగు గంటలన్న ఉండాలె. గోళీ నకిలీది గాదు, పాపం దాని పని దాన్ని చెయ్యనియ్యలే!"

సబియా ముఖం పాలిపోయింది. "రోజాలకు ముందు పరగడుపునే ఇస్తుంటి. సహరీల మర్చిపోతదని నేనే అన్నీ కలిపిన." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినంత జల్దీగా కోపమూ తిరిగొచ్చింది. "ఆగుండ్రి! గీ కాల్షియం ఎవరి దగ్గర కొన్న? ఇంకేం మందులు వాడుతున్నరని మీరు అడిగిండ్రా? మీరూ రోజాలుంటరు. సహరీల అందరూ గిట్లనే మింగుతరని తెల్వదా?"

ఉబేద్ చూపు ఖర్జూరాల పళ్ళెం మీదికి దిగింది.

"చెప్పుండ్రి!"

"అందర్నీ అడుగుత. ఆ దినం... మిమ్మల్ని సూస్కుంట మర్చిపోయిన."

షకీలా చేతిలోని మిర్చి బజ్జీ నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"సిగ్గుండాలె! మా అమ్మీ పానం మీదికి తెచ్చి గిది సాకా?" సబియా చెవుల దాకా ఎర్రబడి కాల్షియం డబ్బా లాక్కుంది. "ఇగ ఇది చెత్తబుట్టకే!"

"పారెయ్యకుండ్రి! అమ్మీకి కాల్షియం తక్కువుందని డాక్టరే చెప్పిండంటిరి గదా. మంచిదే అది, టైం తప్పయింది. బలం గోళీనే గదా, ఏమైతదిలే అనుకుంటేనే గీ పరేషానంత. రేపే డాక్టర్‌ను అడిగి దేని టైం దానికి పెట్టుకోండ్రి. గట్లనే షాపుకొచ్చి, నకిలీ గాదని అందరి ముందట చెప్పాలె!"

మర్నాడు వచ్చింది. అదే కౌంటర్, అదే గొంతు.

"గోళీలు అసలువే! నాదే తప్పు! కానీ మీరంత ఏమేం వాడుతున్నరో ముందు ఈయనకు చెప్పుండ్రి. అడగకుండ ఇస్తే నాకు చెప్పుండ్రి!"

క్షమాపణ ఇంత కోపంగా చెప్పడం ఉబేద్ ఎక్కడా చూడలేదు.

పండుగ వెళ్ళాక షకీలా ముఖం వాపు తగ్గింది, మిషను మళ్ళీ గడగడ నడిచింది. గోళీలు ఇంకా అయిపోకుండానే ఉబేద్ కొత్తవి తెచ్చి గడప దగ్గర నిలబడేవాడు. సబియా లోపలి నుంచే పోట్లాడేది.

ఒకనాడు షకీలా మిషను ఆపింది. "గోళీల నడుమ నాలుగు గంటలు ఉండాలె, సరే. మీ నడుమ గీ గడపెందుకు బేటా? మీ అమ్మీని తోల్కరా, మాట్లాడుకుంటం."

"ఏంది అమ్మీ! నన్నొక మాట అడగకుండనేనా?" సబియా బయటికి దూసుకొచ్చింది.

"గందుకే ఈసారి అడుగుతున్న," అన్నాడు ఉబేద్. "నన్ను చేసుకుంటవా?"

సబియా చేతులు కట్టుకుని అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"మీరు ఏమేం మందులు వాడుతుండ్రో ముందు చెప్పుండ్రి," అంది, నవ్వాపుకోలేక.