గోడవైపు తిరిగిన సీసా

"ఇదేటండీ మీ గమ్ము? చెప్పు అతకలేదు గానీ, నేను అతుక్కుపోయాను."

కుమారి కుడిచేయి చూపించింది. బొటనవేలూ చూపుడువేలూ అంటుకుపోయి ఉన్నాయి. గంట క్రితం ఆ ట్యూబు కొన్నది ఈ దుకాణంలోనే.

చిలకలగూడలో యుగంధర్‌ది పెయింట్లు, హార్డ్‌వేర్ సామాన్ల దుకాణం. అమ్మ పోయి ఏడాది. వెనక గదిలో ఒక్కడే ఉంటాడు. ఆ రోజు వాన. పొద్దుటినుంచి నలుగురు వచ్చారు. నలుగురూ సరుకు పేరు తప్ప మరో మాట అనలేదు.

"ఇంట్ల ఎవరు లేరా మేడం?"

"శ్రీకాకుళం నుంచి వచ్చి మూడు నెల్లయింది. అద్దెగది. ఫోన్ తీశాను, ఎవరికి చెయ్యాలో తోచలేదు. గమ్ము అమ్మినోళ్లే గుర్తొచ్చారు."

అతని వెనక అలమరలో అసిటోన్ ఉంది. పెయింటర్లు బ్రష్షులు కడగడానికి కొంటారు. గోళ్లరంగు తుడిచేదీ అదే. దూదితో అద్దితే ఈ గమ్ము కరిగి, కొద్ది నిమిషాల్లో వేళ్లు విడిపోతాయి. ఆమె వెళ్లిపోతుంది.

యుగంధర్ చేయి వెనక్కి పెట్టి సీసా లేబుల్‌ను గోడవైపు తిప్పాడు.

"వేడి సబ్బునీళ్లల్ల నానబెట్టాలె. జెర టైం పడ్తది."

"ఎంతసేపు?"

"అర్ధగంట. ఇంకెక్కువ సుత పట్టొచ్చు."

గిన్నెలో నీళ్లు పోసి ఇచ్చాడు. చల్లారితే మళ్లీ కాచి పోశాడు.

"గదిలో నాలో నేనే మాట్లాడుకుంటానండీ," అంది కుమారి.

"నేను రేడియోతోని మాట్లాడ్త."

"జవాబిస్తాదా?"

"ఇయ్యది. మధ్యల లేసి పోదు సుత."

నలభై నిమిషాలకు వేళ్లు సగం విడిపోయాయి. యుగంధర్ ఇక ఉండబట్టలేక సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తప్పు చేసిన మేడం. దీంతోని ఎప్పుడో ఊడిపోతుండె."

"తెలుసు. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. నేనొచ్చినప్పుడు ఈ సీసా లేబుల్ ఇటే ఉంది."

అతను తల దించుకున్నాడు. "మరి అడగకపోతిరి?"

"అడిగితే గదికెళ్లిపోవాలి కదండీ."

యుగంధర్ దూది తడిపి ఆమె వేళ్ల మధ్య అద్దాడు.

"చల్లగా ఉంది," అంది.

"జల్ది ఆవిరైపోతది. అందుకే చల్లగుంటది."

కుమారి చేయి వెనక్కి తీసుకుంది. "మూత పెట్టీయండి. నీళ్లు చల్లారిపోయాయి. మళ్లీ కాచండి."

అసిటోన్ నిప్పుకు దూరంగా ఉంచాల్సిన సరుకు. యుగంధర్ మూత బిగించి, సీసాను వీధివైపు అలమరలో లేబుల్ కనబడేలా పెట్టాడు. తర్వాత వెనక గదిలోకి వెళ్లి స్టవ్వు వెలిగించాడు.